అడగండి, చెబుతాం: ఇంగ్లండు బడిలో ఫ్రెంచి

ఈ నెల ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఇంగ్లండులో ఉంటున్న తెలుగు కుటుంబాలవి. పిల్లలు సెకండరీ స్కూల్లో ఫ్రెంచి తీసుకున్నారు, ఇంట్లో ఎవరికీ రాదు, పైగా పరీక్ష పద్ధతి మారింది. 2024 సెప్టెంబరులో కొత్త జీసీఎస్‌ఈ (ఇయర్ 11 చివర రాసే పరీక్ష) సిలబస్ చెప్పడం మొదలైంది. దానికి తొలి పరీక్షలు 2026 వేసవిలో. బోర్డుకూ బోర్డుకూ చిన్న తేడాలుంటాయి. కింద మార్కులు, నిమిషాలు ఇచ్చిన చోటల్లా ఏక్యూఏ బోర్డు లెక్క అనుకోండి.

ప్రశ్న: మా అబ్బాయి ఇయర్ 10. చదివి అర్థం చేసుకోవడంలో ఫరవాలేదు. డిక్టేషన్‌లోనూ, పైకి చదవడంలోనూ మార్కులు పోతున్నాయి. మా ఇద్దరికీ ఫ్రెంచి రాదు. ఇంట్లో మేం చేయగలిగింది ఏమైనా ఉందా?
ఒక తండ్రి, రెడింగ్

జవాబు: ఉంది. నిజానికి ఈ రెండింటికీ మూలం ఒకటే: అక్షరానికీ శబ్దానికీ మధ్య లంకె కుదరలేదు. వినడం, మాట్లాడడం, చదవడం, రాయడం ఒక్కోటి 25 శాతం. ఉక్తలేఖనం వినే పేపర్లో భాగం: తేలిక స్థాయి అయిన ఫౌండేషన్‌లో 40కి 8 మార్కులు, కష్టమైన స్థాయి హయ్యర్‌లో 50కి 10. పైకి చదవడానికి 5 మార్కులే అయినా, ఆ తర్వాత వచ్చే సంభాషణలో టీచరు అడిగింది అర్థం కావాలన్నా, తను చెప్పింది టీచరుకి అర్థం కావాలన్నా అదే లంకె కావాలి. డిక్టేషన్‌లో కొన్ని పదాలు సిలబస్ జాబితాలో లేనివి కావాలనే ఇస్తారు. బట్టీ ఎంత పట్టినా అక్కడ ఆదుకోదు. విన్న శబ్దాన్ని నియమం ప్రకారం అక్షరాల్లో పెట్టగలడా లేదా అన్నదే చూస్తారు.

ముందు శబ్దాలు. ఇక్కడ చాలామంది తెలుగు తల్లిదండ్రులు గమనించని సంగతి ఒకటుంది. ఫ్రెంచి శబ్దాల్లో కొన్నింటికి ఇంగ్లీషు కంటే తెలుగే దగ్గర. ఇంగ్లీషులో ‘పేపర్’ అన్నప్పుడు మొదటి ‘ప’ వెంట గాలి విసురుగా వస్తుంది, సగం ‘ఫ’ అన్నట్టు. ఫ్రెంచిలో అలా రాకూడదు. ‘పాలు’లో ప, ‘తాడు’లో త, ‘కాలు’లో క ఎలా ఉంటాయో ‘పారీ’లో ప, ‘తాబ్ల్’లో త, ‘కాఫే’లో క అలాగే. అరచేయి నోటి ముందు పెట్టుకుని పలకమనండి. గాలి తగలకపోతే సరిగ్గా ఉన్నట్టు. నాలుక పళ్ళకు తగిలే త, ద లే ఫ్రెంచివి. ట, డ కావు.

మనకు లేని శబ్దాల్లో మొదటిది ‘యు’ అక్షరానిది. ‘ఈ’ అని సాగదీస్తూ నాలుకను కదపకుండా పెదవులు మాత్రం ‘ఊ’కి చుట్టినట్టు చుట్టాలి. పిల్లలు దీన్ని ‘యూ’ అనో ‘ఊ’ అనో పలుకుతారు. అప్పుడు ‘నువ్వు’ అనే పదం ‘అంతా’ అనే పదమైపోతుంది, వీధి కాస్తా చక్రమవుతుంది. ‘పైన’కూ ‘కింద’కూ తేడా కూడా ఈ ఒక్క అచ్చే. ఇదే కిటుకుతో ‘ఏ’ అంటూ పెదవులు ‘ఓ’కి చుడితే రెండు, నిప్పు, కొంచెం అనే పదాల్లో వచ్చే అచ్చు వస్తుంది.

రెండోది ముక్కుతో పలికే అచ్చులు. వీటిని రాయడానికి మనకు గుర్తు సిద్ధంగా ఉంది: అరసున్న. వెఁ అంటే ద్రాక్షసారా, వాఁ అంటే గాలి, వోఁ అంటే వాళ్ళు వెళ్తారు. మూడింటిలోనూ ‘ఎన్’ అక్షరం రాస్తారు, కానీ నాలుక పైకి లేచి ‘న్’ అనకూడదు. తెలుగు పిల్లలు నిండుసున్న పలికేస్తారు, అక్కడే దెబ్బ. నోట్సులో నిండుసున్న మానేసి అరసున్న పెట్టుకోవడం అలవాటు చేయండి, చాలా తేలికపడుతుంది.

మూడోది పదాంతం. మనది అజంత భాష కాబట్టి పార్కు, బస్సు అంటూ చివర ఓ అచ్చు చేర్చే అలవాటు పెద్దవాళ్ళకు ఉంటుంది. పిల్లలకు సాయం చేస్తూ మీరు ‘పార్కు’ అన్నారంటే వాడూ అదే అంటాడు. ఫ్రెంచిలో పదం చివర టి, డి, ఎస్, ఎక్స్, పి, జెడ్ సాధారణంగా పలకవు. సి, ఆర్, ఎఫ్, ఎల్ సాధారణంగా పలుకుతాయి, అదీ అచ్చు చేర్చకుండా. ‘ఇ-ఆర్’తో ముగిసే క్రియల్లో మాత్రం ఆర్ పలకదు. వాళ్ళు మాట్లాడతారు అనే క్రియకు చివర ‘ఇ-ఎన్-టి’ రాస్తారు, మూడక్షరాలూ మౌనం. ఒకడు మాట్లాడినా పదిమంది మాట్లాడినా చెవికి ‘పార్ల్’ అనే వినిపిస్తుంది. డిక్టేషన్‌లో మార్కులు రాలేది ఎక్కువగా ఇక్కడే.

పదాల మధ్య జరిగేదానికి మీరు బడిలో చదువుకున్న సంధులు పనికొస్తాయి. రాముడు, ఇతడు కలిస్తే రాముడితడు అయినట్టే ‘ల్’, ‘అమీ’ కలిసి ‘లామీ’ అవుతుంది. ముందు పదం చివరి అచ్చు లోపించింది. ఇక మామూలుగా పలకని చివరి ఎస్, తర్వాతి పదం అచ్చుతో మొదలైతే మేల్కొంటుంది: ‘లే’, ‘అమీ’ కలిసి ‘లేజామీ’. మన ద్రుతం ‘వచ్చెనప్పుడు’లో నకారంగా పైకి తేలినట్టే. అన్నిచోట్లా తేలదు. ‘మరియు’ అనే అర్థమిచ్చే ‘ఎ’ తర్వాత కలపకూడదు. కొన్ని ‘హెచ్’ పదాల ముందూ కలపకూడదు. వీరులు అనబోయి ‘లేజెరో’ అంటే సున్నాలు అన్నట్టవుతుంది, ‘లే ఎరో’ అని విడిగా అనాలి.

ఇప్పుడు మీ వంతు. పరీక్షలో ఒక్కో వాక్యం మూడుసార్లు వినిపిస్తుంది: మొదట మొత్తంగా, తర్వాత ముక్కలుగా ఆపి ఆపి, చివర మళ్ళీ మొత్తంగా. పాఠ్యపుస్తకంతో వచ్చే ఆడియోలోంచి రోజుకు రెండు వాక్యాలు తీసుకుని ఇదే వరసలో ఫోన్లో వినిపించండి. మొదటిసారి పెన్ను పట్టుకోనివ్వకండి, ఎన్ని పదాలున్నాయో వేళ్ళ మీద లెక్కపెట్టమనండి. రెండోసారి రాయాలి. మూడోసారి మూడు చోట్లే చూసుకోవాలి: క్రియ చివర, బహువచనం ఎస్, అక్షరాల నెత్తిన గుర్తులు. తర్వాత అచ్చు పాఠం పక్కన పెట్టి అక్షరం అక్షరం మీరే దిద్దవచ్చు, దానికి ఫ్రెంచి రానక్కర్లేదు. తప్పుల్ని వేరే రంగు పెన్నుతో ఒక పేజీలో చేర్చుకుంటూ పోతే, రెండు వారాల్లో అవే నాలుగైదు రకాలు తిరిగి తిరిగి వస్తున్నాయని కనబడుతుంది.

ఆ నాలుగైదు రకాల్లో ఇవి తప్పకుండా ఉంటాయి. ‘సోఁ’ అనే ఒకే శబ్దం అతని అని కావచ్చు, ఉన్నారు అని కావచ్చు; రెండోదానికి చివర టి. ‘ఆ’ అనే శబ్దానికి పైన గుర్తు ఉండాలా వద్దా? ఫ్రాన్సులో పిల్లలకు నేర్పే పరీక్షే ఇక్కడా పెట్టండి: ఆ చోట ‘అవే’ అనే భూతకాల రూపం పెట్టి చూస్తే వాక్యం నిలబడితే అది క్రియ, గుర్తు వద్దు, నిలబడకపోతే గుర్తు కావాలి. రెండచ్చుల మధ్య ఒక్క ఎస్ ఉంటే జెడ్‌లా పలుకుతుంది, రెండుంటే స. చేపకు రెండు ఎస్‌లు, ఒకటే రాస్తే విషం.

పైకి చదివే పాఠం ఫౌండేషన్‌లో కనీసం 35 పదాలు, హయ్యర్‌లో 50. గదిలోకి వెళ్ళే ముందు 15 నిమిషాలు తయారీకి ఇస్తారు, నోట్సు రాసుకోవచ్చు. ఆ సమయంలో కష్టమైన పదాలకు తెలుగు లిపిలో ఉచ్చారణ రాసుకుంటే అరసున్నతో సహా ఇంగ్లీషు కంటే కచ్చితంగా కుదురుతుంది. తెలుగు చదవడం వచ్చిన పిల్లలకు అది అదనపు బలం.

ప్రశ్న: రోల్ ప్లేలో (మాట్లాడే పరీక్షలో పాత్ర పోషిస్తూ సంభాషించే భాగం) మా అమ్మాయి నువ్వు, మీరు కలిపేస్తోందని టీచరు అన్నారు. తెలుగులో ఆ తేడా ఉంది కదా, ఎందుకు తప్పుతోంది?
ఒక తల్లి, లెస్టర్

జవాబు: తెలుగులో ఉంది కాబట్టే తప్పుతోంది. ఇంగ్లీషు పిల్లలు చేసే తప్పు వేరు, మన పిల్లలు చేసేది వేరు. మనం ‘నువ్వు’ అని పిలిచేవాళ్ళతో కూడా ‘మీ అమ్మ’, ‘మీ ఇల్లు’ అంటాం. ‘నీ అమ్మ’ అంటే తిట్టే. ఆ మర్యాద ఫ్రెంచిలోకి వచ్చి, స్నేహితురాలిని ‘త్యు’తో పలకరిస్తూనే ‘వోత్ర్ మేర్’ అంటారు. అక్కడ ‘తా మేర్’ అనాలి, అందులో ఏ అమర్యాదా లేదు. అలాగే ‘మా అమ్మ’, ‘మా ఇల్లు’ అనే అలవాటుతో ‘నోత్ర్ మేర్’ అంటారు. అన్నదమ్ములిద్దరూ కలిసి మాట్లాడుతుంటే తప్ప అది వింతగా ఉంటుంది. ‘మా మేర్’ అనాలి. చిత్రంగా ఈ ‘మా’ తెలుగు ‘మా’లాగే వినిపిస్తుంది, కానీ అర్థం ‘నా’. పైగా అది స్త్రీలింగానికే, నాన్నకైతే ‘మోఁ’.

రెండో తికమక, ఎవరిని ఏమనాలన్నది. మన ఇళ్ళలో నాన్ననీ తాతయ్యనీ మీరు అంటాం. ఫ్రాన్సులో ఈ కాలపు ఇళ్ళలో పిల్లలు అమ్మానాన్నల్నీ, తాతనూ నువ్వు అనే అంటారు. టీచరుతో, దుకాణంలో, దారిన పోయేవారితో, స్నేహితురాలి తల్లితో మీరు. ఆ తల్లి తనంతట తానే నువ్వు అనమంటేనే మారాలి. ఆంటీ, అంకుల్ అనే మాటలు అక్కడ చుట్టాలకు మాత్రమే. స్నేహితుల తల్లిని ‘మదామ్’ అనాలి.

పరీక్ష కార్డు మీదే, స్నేహితుడిని నువ్వు అనాలని రాసి ఉంటుంది. ఐదు పనులు, ఒక్కోటి 2 మార్కులు, మొత్తం 10. ప్రతి జవాబులో క్రియ ఉండాలి, ‘అవును, శనివారం’ అంటే పూర్తి మార్కులు రావు. ప్రశ్నార్థకం ఉన్న చోట తనే ప్రశ్న అడగాలి. చాలామంది అక్కడ కూడా జవాబు చెప్పేసి 2 మార్కులు పోగొట్టుకుంటారు.

ప్రశ్న: తెలుగులోనే జీసీఎస్‌ఈ రాయవచ్చా?
ఒక తల్లి, మిల్టన్ కీన్స్

జవాబు: లేదండి. గుజరాతీ, పంజాబీ, బెంగాలీ, ఉర్దూలకు ఉంది, తెలుగుకు లేదు.

ప్రశ్న: కుర్చీ ఆడది, పుస్తకం మగది ఏమిటి? ఇది గుర్తుండే మార్గం?
ఇయర్ 8 విద్యార్థి, హౌన్‌స్లో

జవాబు: అర్థంలో వెతికితే దొరకదు, చివరి అక్షరాల్లో వెతుకు. ‘టి-ఐ-ఓ-ఎన్’, ‘ఇ-టి-టి-ఇ’తో ముగిసేవి దాదాపు అన్నీ స్త్రీలింగం. ‘ఎ-జి-ఇ’, ‘ఎం-ఇ-ఎన్-టి’, ‘ఇ-ఎ-యు’తో ముగిసేవి ఎక్కువగా పుంలింగం. బీచ్, పేజీ, బొమ్మ, పంజరం అనే నాలుగూ ‘ఎ-జి-ఇ’ అయినా స్త్రీలింగమే; నీళ్ళు, చర్మం ‘ఇ-ఎ-యు’ అయినా స్త్రీలింగమే. ఈ ఆరూ విడిగా నేర్చుకో. మిగతావాటికి ఒకటే పద్ధతి: పదాన్ని ఎప్పుడూ ఒంటరిగా రాసుకోకు, ముందు ‘అఁ’ గానీ ‘యున్’ గానీ చేర్చి రాసుకో. ‘ల్’, ‘లా’ కంటే ఇది మేలు. ఎందుకంటే అచ్చుతో మొదలయ్యే పదాల ముందు ‘ల్’, ‘లా’ రెండూ ఒకేలా కుంచించుకుపోయి లింగం దాక్కుంటుంది.

ప్రశ్న: మా అమ్మాయి బడి తరఫున వారం రోజులు ఫ్రాన్సులో ఒక కుటుంబం దగ్గర ఉండబోతోంది. మేం గుడ్డు కూడా తినం. ఏం చెప్పి పంపాలి?
ఒక తల్లి, స్లౌ

జవాబు: ‘వెజెటేరియన్’ అన్న ఒక్క మాటతో సరిపెట్టకండి. ఫ్రాన్సులో ఆ మాటకు గుడ్డు, జున్ను తినేవాళ్ళనే అర్థం. మాంసం అనే మాట విని కొందరు కోడినీ, కూరలో వేసే సన్నటి పంది ముక్కల్నీ లెక్కలోకి తీసుకోరు. ఏవేవి తినదో పేరుపేరునా చెప్పాలి: ‘జ్ న్ మాఁజ్ ని వ్యాఁద్, ని పూలే, ని పువాసోఁ, ని ఎ.’ మాంసం, కోడి, చేప, గుడ్లు ఏవీ తినను అని. గుడ్డు అనే మాట ఏకవచనంలో చివర ‘ఫ్’ పలుకుతుంది, బహువచనంలో ఆ ఎఫ్ మౌనం. ఇక్కడ బహువచనం కాబట్టి పెదవులు గుండ్రంగా చుట్టి ‘ఎ’ అంటే చాలు. ఈ వాక్యాన్ని కాగితం మీద రాయించి వెళ్ళడానికి మూడు నాలుగు వారాల ముందే ఆ ఇంటికి చేరవేయమని టీచరుని అడగండి.

గుడ్డు దాగి ఉండేవి: కీష్, క్రేప్, మయొనేజ్, బ్రియోష్, చాలా కేకులు. జెలటిన్ జెల్లీ మిఠాయిల్లోనూ కొన్ని పెరుగు డెజర్టుల్లోనూ ఉంటుంది. బాగెత్‌లో పిండి, నీళ్ళు, ఉప్పు, పిండిని పొంగించే ఈస్టు మాత్రమే కాబట్టి నిశ్చింత. బడి భోజనశాలల్లో వారానికి కనీసం ఒకరోజు మాంసం లేని భోజనం పెట్టాలని చట్టం ఉంది. అంటే మిగతా రోజులకు హామీ లేదు, పైగా ఆ ఒక్కరోజూ గుడ్డు ఉండవచ్చు. మధ్యాహ్నానికి పొట్లం తీసుకెళ్ళే ఏర్పాటు కుదురుతుందేమో ముందే కనుక్కోండి.

వడ్డించేటప్పుడు ఒక చిక్కు. కావాలా అని అడిగితే ఉత్త ‘మెర్సీ’ అన్నారనుకోండి, వద్దు అని అర్థం చేసుకుని గిన్నె పక్కకి తీసేస్తారు. కావాలంటే ‘వీ, జ్ వె బ్యెఁ’ అనాలి, ‘వె’ని పెదవులు చుట్టి. వద్దంటే ‘నోఁ, మెర్సీ’. కడుపు నిండిందని ఇంగ్లీషు మాటను అనువదించి ‘ప్లెన్’ అంటే వేరే అర్థం వస్తుంది, అది పశువులు కడుపుతో ఉన్నప్పుడు వాడే మాట. ‘జే బ్యెఁ మాఁజే, మెర్సీ’, బాగా తిన్నాను అంటే చక్కగా ఉంటుంది. ముంజేతులు ఒళ్ళో కాకుండా బల్ల మీద కనబడాలి. రొట్టె కంచం పక్కన బల్ల మీదే పెట్టుకుంటారు, అది ఎంగిలి అనుకోరు.

అన్నిటికంటే ముఖ్యం ‘బోఁజూర్’. పొద్దున్న లేవగానే ఇంట్లో కనబడిన ప్రతి ఒక్కరికీ, రొట్టెల దుకాణంలో అడుగుపెట్టగానే, బస్సు డ్రైవరుకీ. అది లేకుండా నేరుగా ‘రెండు బాగెత్‌లు’ అని అడిగితే మొరటుతనం. మన పిల్లలు నవ్వుతో, తల ఊపడంతో పలకరించేస్తారు. అక్కడ అది లెక్కలోకి రాదు, గొంతు వినబడాలి. బుగ్గకు బుగ్గ ఆనించే పలకరింపు ఇష్టం లేకపోతే ముందే చెయ్యి చాపితే సరి, ఎవరూ తప్పు పట్టరు.

ప్రశ్న: ఫౌండేషనా, హయ్యరా? టీచరు మమ్మల్నే ఆలోచించుకోమన్నారు.
ఒక తండ్రి, మాంచెస్టర్

జవాబు: ఫౌండేషన్‌లో వచ్చే గ్రేడ్లు 1 నుంచి 5, హయ్యర్‌లో 4 నుంచి 9. నాలుగు పేపర్లూ ఒకే స్థాయిలో రాయాలి, వినడం ఫౌండేషన్, రాయడం హయ్యర్ అంటే కుదరదు. పదజాలం ఫౌండేషన్‌కి 1,200 పదాలు, హయ్యర్‌కి 1,700. జాబితా బోర్డు వెబ్‌సైట్లో అందరికీ దొరుకుతుంది. రెండేళ్ళలో బడి నడిచే వారాలు సుమారు 70 అనుకుంటే హయ్యర్‌కి వారానికి పాతిక పదాలు. రోజుకు ఐదు, ఐదు రోజులు. ఇది మోయలేని బరువు కాదు. చివరి రెండు నెలలకు వదిలేస్తే మాత్రం మోయలేరు.

తేడా తెలిసేది రాసే పేపర్లో. హయ్యర్‌లో ఇంగ్లీషు నుంచి ఫ్రెంచిలోకి అనువాదం, 90 పదాల రచన, 150 పదాల రచన, అన్నీ గంటా పదిహేను నిమిషాల్లో. ఆ 150 పదాలకే 50లో 25 మార్కులు. కొత్త సిలబస్ హయ్యర్ మాదిరి పేపరుని టైము పెట్టి రాయించండి. 150 పదాల దగ్గర 80 దాటలేక ఆగిపోతూ, భూత, భవిష్యత్ కాలాలు క్రియ క్రియకూ తడబడుతుంటే ఫౌండేషన్‌లో 5 తెచ్చుకోవడం గౌరవమే. ఎ లెవెల్లో (జీసీఎస్‌ఈ తర్వాతి రెండేళ్ళ చదువు) ఫ్రెంచి చదవాలని ఉంటే మాత్రం హయ్యరే. చాలాచోట్ల కనీసం 6 అడుగుతారు. పరీక్షకు పేర్లు పంపేది ఇయర్ 11 ఫిబ్రవరిలో కాబట్టి క్రిస్మస్ తర్వాత మాక్ (బడిలో పెట్టే నమూనా పరీక్ష) ఫలితం చూసి తేల్చుకోవడానికి వ్యవధి ఉంది.

ప్రశ్న: మాట్లాడే పరీక్షలో ఫోటో కార్డు (ఫోటోలు చూసి వర్ణించే భాగం) తర్వాత ఫ్రెంచి మాట్లాడే ప్రాంతాల గురించి అడిగితే నాకు చెప్పడానికి ఏమీ ఉండదు. ఈఫిల్ టవర్ అందరూ చెబుతారు.
ఇయర్ 11 విద్యార్థి, క్రాయిడన్

జవాబు: నీ దగ్గర ఇంకెవరికీ లేని సరుకుంది. కాకినాడ దగ్గర గోదావరి ఒడ్డున యానాం ఉంది. అక్కడి జనం మాట తెలుగు, ప్రభుత్వం మాత్రం 1954 దాకా ఫ్రెంచివాళ్ళది. ఇప్పుడు పుదుచ్చేరిలో భాగం. మచిలీపట్నంలో ఫ్రెంచి కంపెనీ 1669లోనే కొట్టు తెరిచింది. మారిషస్‌లో తెలుగు మూలాలున్నవాళ్ళ పిల్లలు బడిలో తెలుగు నేర్చుకుంటారు, ఇంట్లో క్రియోల్ (ఫ్రెంచి నుంచి పుట్టిన అక్కడి భాష) మాట్లాడతారు, పత్రికలు ఎక్కువగా ఫ్రెంచిలో చదువుతారు.

యానాం గురించి నాలుగు వాక్యాలు తయారు చేసుకో. ఎక్కడుంది అన్నదానికి వర్తమానం. అప్పట్లో ఫ్రెంచి ఊరుగా ఉండేది అన్నదానికి ‘సెతే’. అక్కడికి వెళ్ళాను, లేదా వెళ్ళాలని ఉంది అన్నదానికి మరో కాలం. క్రాయిడన్ కంటే చిన్నది అన్నదానికి పోలిక. నాలుగు వాక్యాల్లో మూడు కాలాలు, ఒక పోలిక. తర్వాతి ప్రశ్న ఎటు తిరిగినా వీటిలో ఏదో ఒకటి అతుకుతుంది. ఊరి పేరు మాత్రం ఫ్రెంచివాళ్ళు రాసినట్టే చెప్పు: వై-ఎ-ఎన్-ఎ-ఓ-ఎన్, ‘యనఓఁ’. చివరి ఎన్ నాలుకకు తగలకూడదు, అరసున్నే.